హర్డిల్స్ అక్క

మొన్న ఉదయం డ్యూటీకి వెళ్తూ స్టాప్ సైన్ దగ్గర ఆగాను. ఈ ఊళ్ళో అందరూ ఆగినట్టు చక్రాలు కాస్త నెమ్మదించి జారిపోవడం కాదు, పూర్తిగా ఆగాను. వెనక పికప్ ట్రక్కులో ఉన్న పెద్దమనిషికి అంత ఓపిక లేదు. హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. కెనడా వాళ్ళు మహా మర్యాదస్తులని చెప్పేవాళ్ళని తీసుకొచ్చి ఆ ట్రక్కు ముందు నిలబెట్టాలి. నాకు అసలే ముక్కు మీద కోపం. అద్దం దించి నాలుగు మాటలు అనేదాన్నే. ఇంతలో పక్క సీట్లోంచి "మోగించుకోనీవే పిల్లా, వాడి హారను వాడిష్టం. నువ్వు కుడీ ఎడమా చూశావా లేదా?" అన్నట్టయింది. పక్క సీట్లో నా లంచ్ బ్యాగు తప్ప ఎవరూ లేరు. కూడలి దాటి, బండి పక్కకి తీసి, స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాను.

ఆ గొంతు మా డ్రైవింగ్ టీచరుది. ఈ సార్నియా ఊళ్ళో స్టీరింగ్ పట్టిన తెలుగు ఆడవాళ్ళలో చాలామంది ఆవిడ చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. అందరికీ అక్క. వయసు యాభై దాటింది, అయినా నిన్న గాక మొన్న దిగిన కాలేజీ పిల్లలకి కూడా అక్కే. ఎవరైనా పొరపాటున ఆంటీ అంటే "ఆంటీలు పారలెల్ పార్కింగ్ నేర్పరమ్మా, వేరే ఆంటీని వెతుక్కో" అనేది.

నేను ఒంగోలు నుంచి ఇక్కడి కాలేజీలో చదువుకని వచ్చాను. మా కన్సల్టెన్సీ వాడు సరస్సు అన్నాడు, బీచ్ అన్నాడు, ప్రశాంతమైన ఊరన్నాడు. బస్సు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు మహానుభావుడు. వృద్ధాశ్రమంలో పార్ట్ టైమ్ ఉద్యోగం దొరికాక తెలిసింది, ఆదివారం పొద్దున షిఫ్టుకి వెళ్ళాలంటే కారన్నా ఉండాలి, రెక్కలన్నా ఉండాలి. తోటి అమ్మాయి అక్క నంబరిచ్చింది.

మొదటిరోజు బూడిదరంగు కారు దిగి నిలబడితే తలెత్తి చూడాల్సొచ్చింది. అంత పొడుగు తెలుగు ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు. బక్కపల్చటి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ఒక్క జడ. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను అటుపక్క తలుపు దగ్గర నిలబడి, బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంది. రెండు ముళ్ళు వేసి, మిగిలిన కొసలు బూటు లోపలికి దోపింది. తర్వాత ఒక కాలెత్తి చీలమండ గుండ్రంగా తిప్పింది, ఇంకో కాలెత్తి అదీ తిప్పింది. అప్పుడు ఎక్కింది. నేర్పేది డ్రైవింగ్, కూర్చునేది పక్క సీట్లో, ఈ కసరత్తు ఎందుకో నాకు అర్థం కాలేదు. ప్రతి క్లాసుకీ ఇదే తంతు. మంచు కురుస్తున్నా ఇదే తంతు.

ఆవిడ తెలుగు వింటే ముచ్చటేసేది. తెనాలి వైపు నుంచి నాలుగేళ్ళ వయసులో వచ్చేసిన మనిషి. తెలుగంటే వాళ్ళమ్మ మాట్లాడిన తెలుగు ఒక్కటే తెలుసు. ఆ అమ్మ పోయి చాలా ఏళ్ళయినా ఆ మాటలు ఈవిడ నోట్లో అలాగే ఉండిపోయాయి. "బొత్తిగా మిర్రర్ చూడవేం పిల్లా? చప్పున షోల్డర్ చెక్ చెయ్. అదీ! లక్షణంగా ఉంది. ఇంక గ్యాస్ ఇవ్వు" అనేది. 'చప్పున', 'బొత్తిగా' అన్న మాటలు నేను మా నాయనమ్మ దగ్గర విన్నాను, మళ్ళీ ఇక్కడ హైవే పక్కన విన్నాను. తెలుగు చదవడం మాత్రం రాదు. మా అమ్మ పంపిన పచ్చడి సీసా మీద చీటీ చదివి చెబితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆవిడ వైపు కూడా ఒక బ్రేకు ఉండేది. దాని మీద కాలు ఆనించేది గానీ నొక్కడం నేను చూసింది తక్కువ. వేగం తగ్గించమనడానికి అరిచేది కాదు. అరచెయ్యి చదునుగా పెట్టి, నిద్రపోయే పసిపిల్లని జోకొడుతున్నట్టు కిందికీ కిందికీ దించేది. ముందున్న అరలో కారప్పూస డబ్బా. నేను తప్పు చేసినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి నా చేతిలో పోసేది. నమిలేవాళ్ళకి ఏడుపు రాదని ఆవిడ సిద్ధాంతం. నా మొదటి నెలలో ఆ డబ్బా ఎన్నిసార్లు నిండిందో ఆవిడకే తెలియాలి.

ఇంకో పిచ్చి ఉండేది. దేన్నీ చుట్టి వచ్చేది కాదు. పార్కింగ్ లాట్లో గొలుసు కట్టి ఉంటే, పది అడుగులు పక్కకి నడిస్తే దారి ఉన్నా సరే, గొలుసు మీంచే దాటేది. ఎగరడం కూడా కాదు, నడుస్తూ నడుస్తూ ఒక కాలు ముందుకి చాచేది, రెండోది పక్కనుంచి మడిచి తెచ్చుకునేది, నడక ఆగేదే కాదు. మంచుగుట్టైనా అంతే, నీళ్ళమడుగైనా అంతే. సూపర్ మార్కెట్లో తడినేల అని పెట్టిన పసుపు బోర్డుని కూడా ఒకసారి అలాగే దాటేసరికి కౌంటరు అమ్మాయి నోరు తెరిచింది. నాకు సిగ్గేసింది.

"చుట్టూ తిరిగి రావచ్చు కదక్కా!"

"దారి ఇక్కడే ఉందిగా పిల్లా" అంది, అదేదో నాకే కళ్ళు కనబడనట్టు.

పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే "ఎగ్జిట్ మిస్సయ్యాను, తర్వాతది చాలా దూరంలో ఉంది" అని నవ్వేసేది. తనూ, వాళ్ళ నాన్నా, అంతే ఇంట్లో.

హైవే ఎక్కించిన రోజు నా పరువు గంగలో కలిసింది. ర్యాంపు చివరికి వచ్చేసరికి బ్రిడ్జి దాటి అమెరికా పోయే ట్రక్కులు గోడలు కదిలొస్తున్నట్టు వస్తున్నాయి. వాటి మధ్యలోకి కలవలేక, దాన్నే మెర్జ్ అంటారు, నిలబెట్టేశాను బండిని. అలా నిలబెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఆవిడ అరవలేదు. సీటు మార్చుకుని, తనే నడిపి, తర్వాతి దారిలో దింపి, ఒక హైస్కూలు వెనక్కి తీసుకెళ్ళి ఆపింది. నాకు వెక్కిళ్ళు ఆగలేదు. కారప్పూస కూడా పని చెయ్యలేదు.

ఎదురుగా పరుగుల ట్రాక్ ఉంది, తడిసి, ఎవరూ లేకుండా.

"నేనిక్కడే చదివాను" అంది. "హర్డిల్స్. నాలుగొందల మీటర్లు. తెలుసా నీకు హర్డిల్స్?"

టీవీలో చూశానన్నాను.

"అందరూ దూకుతారనుకుంటారు. దూకకూడదు. దూకితే గాల్లో టైమ్ పోతుంది. పరిగెడుతూ పరిగెడుతూనే దాటాలి. ఇందాక ర్యాంపు మీద నువ్వేం చేశావ్? ఆగి, దూకుదాం అనుకున్నావ్. ఆగొద్దు. మూడోదాని గురించి ఇప్పుడెందుకు కంగారు? ముందు మొదటిది దాటు."

ఆ కాళ్ళు తిప్పడమూ ఆ లేసులూ ఆ గొలుసులూ అప్పుడు అర్థమయ్యాయి నాకు.

లోపలికి తీసుకెళ్ళింది. ఊడ్చే ఆయన ఆవిడకి తెలిసినవాడే, తలుపు తీశాడు. జిమ్‌కి పోయే వరండాలో ఒక గోడ నిండా ఫొటోలు. ఆ బడిలో చదివి ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళని ఏటా ఎంచి, భోజనాలు పెట్టి, సన్మానం చేసి, ఆ గోడకి ఎక్కిస్తారట. హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. హాకీ కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు, ఫుట్‌బాల్ భుజాల కుర్రాళ్ళు, ఒకరిద్దరు బాస్కెట్‌బాల్ ఆడపిల్లలు. ఒక్కొక్కళ్ళ గురించీ చెప్పింది. ఇతను కెమికల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు, ఇతను పోయాడు, ఈవిడ తనకంటే రెండు క్లాసులు పెద్ద, ఈవిడ బూట్లు ఒకసారి అరువు తీసుకుని పరిగెత్తింది.

"నీ ఫొటో ఏదక్కా?"

"నాదెందుకుంటుంది?"

రాష్ట్రం మొత్తానికి రెండో స్థానం వచ్చిన మనిషి. జిమ్ లోపల రికార్డుల బోర్డు మీద అప్పటికీ ఆవిడ పేరే ఉంది, నేను చూశాను.

"ఎవరో ఒకరు మన పేరు పంపాలమ్మడూ. మనకి మనం పంపుకోకూడదు. వీళ్ళందరికీ అమ్మానాన్నలు పంపారు, అన్నదమ్ములు పంపారు. మనవాళ్ళకి అసలీ గోడ ఉందనే తెలీదు." బోర్డు వైపు నడుస్తూ, "నాన్నైతే నా రేసులకే రాలేదు" అంది. "ఒకే ఒక్కసారి వచ్చాడు, గ్రేడ్ టెన్‌లో. ఆ రోజే పడ్డాను. ముఖం బద్దలై, చెయ్యి విరిగి, లేచి స్టాండ్స్ వైపు చూస్తే నాన్న లేడు. వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ రాలేదు. అందరి ముందూ పొట్టి నిక్కరేసుకుని బోర్లా పడ్డ కూతుర్ని చూసి తల కొట్టేసినట్టయి ఉంటుంది పాపం. నా మొహంలోకి చూసి మాట్లాడ్డం కూడా అప్పట్నుంచే మానేశాడు."

ఎంత తేలిగ్గా అందో! చెబుతూనే బోర్డు పక్కన ఊడిన పిన్ను ఒకటి తీసి మళ్ళీ గుచ్చింది. నాకు మాత్రం ఆ పెద్దాయన మీద అరికాలి మంట నెత్తికెక్కింది.

తర్వాత ఆయన్ని చూశాను. లైసెన్సు వచ్చాక స్వీట్లు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అంతకుముందు ఒకసారి ఫెయిలయ్యాననుకోండి. అప్పుడు ఫోన్ చేస్తే "పడ్డావా? దెబ్బలేం తగల్లేదుగా? మళ్ళీ బుక్ చెయ్" అని పెట్టేసింది. వాళ్ళ నాన్నగారు ఇక్కడి ప్లాంట్లలో ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. ఎనభై ఆరేళ్ళు. గుండెకి ఆపరేషనయింది, చెవులకి మిషన్లున్నాయి. మర్యాదగల మనిషి. నన్ను "రా తల్లీ, కూర్చో" అన్నారు. నాతో నా ముఖం చూసే మాట్లాడారు. అక్క కాఫీ తెచ్చి ఇస్తే కప్పు చూసి తీసుకున్నారు. అక్క మాట్లాడుతుంటే ఆవిడ భుజం పక్కనున్న గోడని చూశారు. చెప్పింది నిజమేనని అప్పుడు నమ్మాను.

పోయిన ఏడు వసంతంలో ఒక సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసి మాట్లాడకుండా నవ్వడం మొదలెట్టింది. ఆవిడకి ఒకప్పుడు పరుగు నేర్పిన ముసలి కోచ్, తొంభై దగ్గరపడుతున్న మనిషి, ఎవరూ పంపకపోతే నేనే పంపుతానని ఆవిడ పేరు పంపాడట. ఒప్పుకున్నారట. అక్టోబరులో సన్మానం. "గోడెక్కుతున్నానే పిల్లా!" అంది. ఆ ఆనందంలో నేను వాళ్ళింటికి పరిగెత్తాను. నేను కూర్చుని ఉండగానే అడిగింది నాన్నని.

"నాన్నా, అక్టోబర్ ఫంక్షన్‌కి నువ్వు రావాలి. ఈ ఒక్కటీ అడుగుతున్నా. నా పేరు చెక్కిన ప్లేక్ ఇస్తారు, నువ్వు చూడాలి. వస్తావా?"

"నేనెందుకమ్మా అక్కడ. మీరు వెళ్ళి రండి" అన్నారాయన, కిటికీ వైపు తిరిగి.

"ఒక్క గంట నాన్నా."

"చూద్దాంలే."

అక్క వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువైంది. నేను వెనకాల వెళ్తే "చూద్దాం అన్నాడు, విన్నావా? రానని అన్లేదు" అంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. డిష్‌వాషర్ తలుపు తెరిచి ఉంటే దాని మీంచి దాటి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది, అలవాటుగా. అంతకుమించి ఆ మనిషి జీవితంలో ఎవరినీ ఏమీ అడగడం నేను వినలేదు.

జులైలో కడుపునొప్పి అంది. ఆగస్టుకల్లా లండన్ హాస్పిటల్లో చేర్చారు, ఇంగ్లండు లండన్ కాదు, మాకు గంట దూరంలో ఇక్కడే ఉన్న ఇంకో లండన్. పాంక్రియాస్ క్యాన్సరు. పాకిపోయింది, చెయ్యడానికేం లేదన్నారు. నాన్నకి మాత్రం మోకాలి ఆపరేషనని తనే చెప్పింది. పరుగులు తీసిన మోకాలు కదా, అరిగిపోయిందన్నారు, మార్చాక కొన్నాళ్ళు ఎక్సర్‌సైజులుంటాయి అని ఎంత నమ్మకంగా చెప్పిందో! పెద్దాయన తలూపారు. ఆయన సంగతి చూసుకోవడానికి అక్క తమ్ముడు అమెరికా నుంచి వచ్చి, ఇంట్లో ఉండి కంప్యూటర్ పని చేసుకునేవాడు. నేను సెలవు దొరికినప్పుడల్లా గంట డ్రైవ్ చేసుకుని లండన్ వెళ్ళేదాన్ని. హైవే మీద. మంచంలో పడుకుని కూడా "మెర్జ్ బాగా అయ్యావా?" అని అడిగేది. ఆ పొడుగు కాళ్ళు మంచానికి సరిపోక ఏటవాలుగా పెట్టుకునేది. దుప్పటి కింద చీలమండలు తిరుగుతూ ఉండేవి.

ఒకరోజు తమ్ముణ్ణీ నన్నూ కూర్చోబెట్టి అంది. "నేనుంటే నేను తీసుకెళ్తా. లేకపోతే మీరు తీసుకెళ్ళాలి నాన్నని. ఎలాగోలా. ఒక్కసారి ఆ గోడ ముందు నిలబెట్టండి చాలు. నన్ను చూసి ఆయన సిగ్గుపడక్కర్లేదని ఆయనకి తెలియాలి."

సెప్టెంబరు చివర్లో పోయింది.

ఇక్కణ్ణుంచి మనవాళ్ళ తెలివి మొదలైంది. ఎనభై ఆరేళ్ళ తండ్రికి కూతురు పోయిందని చెప్పకూడదట. గుండె తట్టుకోదట. సరే, ఎప్పటికి చెప్తారయ్యా అంటే, ఫంక్షన్ అయ్యాక అన్నాడు తమ్ముడు. ఇప్పుడే చెబితే నాన్న మంచం దిగడు, మైల అంటాడు, ఫంక్షన్‌కి రానే రాడు. అక్క ఆఖరి కోరిక అదొక్కటే, అది తీరాలి. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అదే సబబన్నారు. నేను గొడవపడ్డాను. కన్నకూతురు ఆయన్దా మీదా అన్నాను, నోటికొచ్చినట్టు అన్నాను. అతను ఏడుస్తూ "మీరు చెప్పండి, అక్క ఏం అడిగింది?" అన్నాడు. నిజమే, అడిగింది అదే.

తండ్రి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉండగా కూతురికి లండన్‌లో దహనం జరిగింది. టొరంటో వైపు నుంచి వచ్చిన పంతులు గారు పరిస్థితి విని, గుండు అక్కర్లేదు, దోషం లేదన్నారు. గుండు చేయించుకుంటే పెద్దాయనకి తెలిసిపోతుంది కదా. పదకొండో రోజూ పన్నెండో రోజూ అక్కడే ఎవరింట్లోనో కానిచ్చారు. ఇంటికొచ్చి నాన్నతో కూర్చుని అన్నం తిన్నాడు తమ్ముడు. అక్కకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, విజిటర్లని రానివ్వడం లేదు అన్నాడు. పెద్దాయనకి ఫోన్లో ఎలాగూ సరిగ్గా వినబడదు కాబట్టి ఆ చిక్కు కూడా లేకపోయింది.

స్కూలు వాళ్ళకి చెప్పక తప్పలేదు. ప్రిన్సిపాల్ మొదట అర్థం చేసుకోలేకపోయాడు. మీ నాన్నకి ఇంకా తెలియదా అని రెండుసార్లు అడిగాడట. చివరికి, స్టేజీ మీద ఆవిడ మరణం ఊసెత్తనని మాటిచ్చాడు.

ఫంక్షన్ రోజు సాయంత్రం, ఆశ్చర్యం, పెద్దాయన తనంతట తనే సూటేసుకుని కూర్చున్నారు. ఎప్పటి సూటో, కలరా ఉండల వాసన. తమ్ముడు స్టేజీ మీదికి వెళ్ళాలి, పైగా తండ్రి పక్కన కూర్చుని ముఖం దాచుకోవడం తన వల్ల కాదన్నాడు. అందుకని ఆయన్ని నా కార్లో తీసుకెళ్ళాను.

"అమ్మాయికి నొప్పి తగ్గిందా?" అన్నారు దారిలో.

"తగ్గిందంకుల్" అన్నాను. ఆ మాటొక్కటీ అబద్ధం కాదు.

జిమ్ నిండా గుండ్రటి బల్లలు, కాగితం గుడ్డలు, చికెన్ భోజనం. ఒకప్పుడు పరుగులు తీసిన వాళ్ళంతా కుర్చీల్లోంచి లేవడానికి బల్ల పట్టుకుంటున్నారు. ప్రిన్సిపాల్ మాట నిలబెట్టుకున్నాడనే అనాలి. మరణం అనలేదు, పేరు చెప్పలేదు. ఈ ఏడాది మన మధ్య లేకుండా పోయినవాళ్ళ కోసం ఒక నిమిషం నిలబడదాం అన్నాడు. కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. అందరూ లేచారు. లేచి, అందరూ మా బల్ల వైపే చూస్తున్నారు. పెద్దాయనకి మైకులో మాటలు అందలేదు గానీ, మౌనం ఎందుకో అర్థమైంది. బల్ల పట్టుకుని ఆయనా లేచారు. చెవులు సరిగ్గా వినబడనివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ నిశ్శబ్దంలో, తెలుగులో, జిమ్ అంతా వినబడేలా అడిగారు.

"ఎవరు పోయారమ్మా?"

"ఇక్కడ చదువుకున్నావిడట అంకుల్" అన్నాను ఆయన చెవి దగ్గర.

"అయ్యో పాపం" అని రెండు చేతులూ జోడించారు. నేను పెదవి కొరుక్కుని నేల చూశాను.

తర్వాత ఒక్కొక్కళ్ళనీ పిలిచారు. అక్క వంతు వచ్చినప్పుడు తెర మీద ఫొటో వేశారు. పదిహేడేళ్ళ పిల్ల, హర్డిల్ మీద, ఒక కాలు ముందుకి చాచి, రెండోది పక్కకి మడిచి, నూనె రాసిన జడ వెనక గాల్లో నిలువుగా. ముఖంలో కష్టమన్నదే లేదు. పెద్దాయన మొదట తల వంచుకుని బల్ల చూస్తూ కూర్చున్నారు. అప్పుడు తల ఎత్తారు. కళ్ళజోడు తీసి, టై కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. కొడుకు ప్లేక్ అందుకుంటున్నా అటు చూడలేదు. చప్పట్లు ఆగిపోయినా, తెర మీద ఫొటో పోయినా, అలాగే చూస్తూ ఉన్నారు. వచ్చారక్కా, చూశారక్కా అని నాలో నేను అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను?

బయటికి వచ్చాక పార్కింగ్ లాట్లో కంచె దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ పెట్టుకునేవాణ్ణమ్మా బండి" అన్నారు. "ముందుభాగం అటు, రోడ్డు వైపు తిప్పి."

"ఎప్పుడంకుల్?"

"దాని రేసులకి. ఇక్కడ జరిగినవి అన్నిటికీ వచ్చాను. షిఫ్టులు మార్చుకుని వచ్చేవాణ్ణి. అద్దాలు దించుకుని వినేవాణ్ణి. మైకులో దాని పేరు పిలిస్తే, చప్పట్లయ్యాక క్షేమంగా ఉందని తెలిస్తే, అది ఇంటికొచ్చేలోగా వెళ్ళిపోయేవాణ్ణి."

"లోపలికెళ్ళి చూడొచ్చు కదంకుల్? అక్క ఎంత ఎదురుచూసిందో మీకోసం!"

"నా కన్ను మంచిది కాదమ్మా. ఒకసారి వెళ్ళాను. ఎంత బాగా పరిగెడుతోందో, ఇది నా బిడ్డేనా అనుకున్నాను. అలా అనుకున్నానో లేదో, పడింది. చెయ్యి విరిగింది. కన్నవాళ్ళ దిష్టి అన్నిటికంటే చెడ్డదని మా అమ్మ అనేది. అక్కడే ఉంటే ఇంకేమవుతుందోనని పరిగెత్తుకొచ్చేశాను. మళ్ళీ దాన్ని కళ్ళారా చూడలేదు, ఇన్నేళ్ళు."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఫొటోనే కదా. ఫొటో పడిపోదు కదా అనుకున్నాను." చిన్నగా నవ్వారు. ఆయన నవ్వు చూడ్డం నాకదే మొదటిసారి. "ఇంక దానికి చెప్పేస్తాను తల్లీ. పెద్దవాణ్ణయిపోయాను, ఎన్నాళ్ళని దాచను? లండన్ పోదాం పద. లోపలికి రానివ్వకపోతే అద్దంలోంచి చెప్తాను."

వెనక ప్లేక్ పట్టుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ప్లేక్‌తో సహా నేల మీద కూలబడి బావురుమన్నాడు. పెద్దాయన కొడుకుని చూశారు, నన్ను చూశారు. ఇంక దాచడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

"అక్క లేదంకుల్" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

మోకాలు కాదంకుల్, క్యాన్సరు, పోయి రెండు వారాలు దాటింది, మేమే మీకు చెప్పలేదు అని ఆయన చెవిలో గట్టిగా, ఒకటికి పదిసార్లు చెప్పాను. తమ్ముడు కాళ్ళు పట్టుకుని చెప్పాడు. మోకాలంటే నమ్మిన మనిషి, ఇన్‌ఫెక్షనంటే నమ్మిన మనిషి, రెండు వారాలన్న ఈ ఒక్క మాట మాత్రం నమ్మలేదు.

"కాదమ్మా" అన్నారు. "ఇందాకే. నేను చూశాను కదా."